రెండో పిలుపు

రేణుని లోపలికి తీసుకెళ్ళి పది నిమిషాలైంది. కంట్లో శుక్లం తీసేది పావుగంట పనే కానీ ముందు చుక్కలు వేయడం, తర్వాత కాసేపు పడుకోబెట్టడం కలుపుకుని గంట పడుతుందనీ, కారు నడిపే మనిషి ఆ గంటా ఇక్కడే ఉండాలనీ, కాఫీకని కూడా బయటికి వెళ్ళకూడదనీ నర్సు చెప్పి వెళ్ళింది. జగన్మోహన్ ఎక్కడికీ వెళ్ళలేదు. ఒళ్ళో రేణు హ్యాండ్‌బ్యాగు, బ్యాగు మీద ఆమె కళ్ళజోడు, చేతిలో తన ఫోను, ఫోనులో నాలుగు రోజులుగా తెరవడం మూయడం తప్ప ఏమీ చేయని ఈమెయిలు. ఈ సాయంత్రం ఐదు గంటలలోగా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటల సీజన్ టికెట్లు రెన్యూ చేసుకోకపోతే ముప్ఫై నాలుగో వరసలో పది, పదకొండు నంబర్ల సీట్లు విడుదల చేయబడతాయి. విడుదలట, ఇన్నాళ్ళూ ఎవరో వాటిని జైల్లో పెట్టినట్టు. ఇరవై ఐదు సీజన్లు. గోడ మీద గడియారం నాలుగూ ఐదు చూపిస్తోంది. కిటికీ అవతల పార్కింగ్ లాట్ అంచున పేర్ చెట్లు విరగబూసి ఉన్నాయి, చూడ్డానికి పెళ్ళిపందిరి, దగ్గరికెళితే కుళ్ళిన చేపల వాసన. బెంటన్‌విల్ వచ్చిన మొదటి మార్చిలో రేణు ఆ పూలు కోసుకొచ్చి దేవుడి ముందు పెట్టి, అరగంటకల్లా ముక్కు మూసుకుని తీసి పారేసింది. ఆ కళ్ళకే ఇప్పుడు ఆపరేషన్. ముక్కు మాత్రం ఇంకా భేషుగ్గా ఉంది.

మానేయడానికి కారణాలు వెతుక్కోవక్కర్లేదు, అవే వరసకట్టి నిలబడి ఉన్నాయి. మోకాళ్ళు. పోయిన అక్టోబరులో స్టేడియం మెట్లెక్కుతూ ఇరవయ్యో వరస దగ్గర ఆగి, ఏదో ఫోన్ వచ్చినట్టు నటిస్తూ ఊపిరి పీల్చుకున్నాడు. టికెట్ ఇప్పుడు కాగితం కాదు, ఫోనులో ఓ బొమ్మ, అది సరిగ్గా గేటు దగ్గరే తెరుచుకోదు, వెనక వందమంది నిట్టూరుస్తుంటే మెడ మీద చెమట. ఇక ఆటగాళ్ళు. ఒకప్పుడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు వస్తే నాలుగేళ్ళుండేవాడు, మొదటి ఏడాది బెంచీ మీద, రెండో ఏడాది తప్పుల మీద తప్పులు, నాలుగో ఏడాదికి స్టేడియమంతా వాడి పేరే. చివరి ఆటనాడు వాడి తల్లీ తండ్రీ మైదానంలోకి వచ్చి చెరో చెయ్యీ పట్టుకుని నిలబడితే, సొంత పిల్లాణ్ణి ఎక్కడికో పంపుతున్నట్టు రేణు కళ్ళు తుడుచుకునేది. ఇప్పుడు పేరు నోటికి పట్టేలోపు ఇంకో యూనివర్సిటీకి వెళ్ళిపోతున్నారు. తప్పుపట్టడానికి తనెవరు, తనూ అంతేగా, ఇరవై ఏళ్ళు కాంట్రాక్టరుగా ఏడాదికో క్లయింటు, ఆర్నెల్లకో మేనేజరు, ఎవరి బ్యాడ్జి ఇస్తే అది మెళ్ళో వేసుకుని తిరిగినవాడే. ఆ కుర్రాళ్ళూ చివరికి తనలాగే అయిపోయారు, అంతే. కానీ శనివారం పూట అంత దూరం వెళ్ళింది తనలాంటివాళ్ళని చూడ్డానికి కాదు. అరోరాలో ఉండే కొడుకు ఆర్యన్ మొన్న ఆదివారం ఫోనులో తేల్చి పారేశాడు, "నాన్నా, ఇట్స్ జస్ట్ సీట్స్. యాప్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు కొనుక్కో, ఇంకా బెటర్ సీట్ దొరుకుతుంది" అని. దొరుకుతుంది. పక్కన ఎవరు కూర్చుంటారో మాత్రం యాప్ చెప్పదు.

పక్కన, పన్నెండో నంబరులో, డేల్. మొదటి ఆటనాడు జగన్మోహన్‌కి ఈ అమెరికా ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు, అందరూ లేస్తే లేచాడు, కూర్చుంటే కూర్చున్నాడు, పెళ్ళిలో మంత్రాలు రాని పెళ్ళికొడుకులా. డేల్ కాసేపు ఓరకంట చూసి, పేరైనా అడక్కుండా చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగు అవకాశాలు, పది గజాలు, పది గజాలు జరిగితే మళ్ళీ నాలుగు, జరక్కపోతే బంతి వాళ్ళకి, ఇంతే ఆట, మిగతాదంతా అరుపులు. నరసరావుపేట స్కూలు వెనక ఇసకలో కబడ్డీ ఆడిన మనిషికి అది చప్పున ఎక్కింది. అక్కడ గీత దాటి, ముట్టుకుని, ఊపిరి ఆగేలోపు వెనక్కి వచ్చేయాలి. ఇక్కడ వెనక్కి రావడం లేదు, పడ్డ చోటే లేచి, అక్కణ్ణించే ముందుకు. అప్పటికి అమెరికా వచ్చి ఏడాదైన జగన్మోహన్‌కి ఆ సంగతి ఇంకెవరూ అంత తేలిగ్గా చెప్పలేదు. టీమ్ గుర్తేమో అడవిపంది. డెబ్బై వేల మంది చేతులు పైకెత్తి, వేళ్ళాడిస్తూ, పందుల్ని దొడ్లోకి పిలిచే కేక ఒక్క గొంతుతో వేస్తే రేణు మొదట నోరు తెరిచి, తర్వాత నవ్వాపుకోలేక, వరాహస్వామి అనుకుంటే పోలా అని తనూ చేతులెత్తింది. బయటి తిండి తేకూడదన్నా ఆర్యన్ స్వెట్టర్లో చుట్టి పులిహోర పొట్లం లోపలికి తెచ్చేది. కోళ్ళఫారం నడిపే డేల్ ఆ పులిహోరని 'ఎల్లో రైస్' అనేవాడు. ప్రతి సెప్టెంబరులో మొదటి ఆటకి, పలకరింపు కన్నా ముందు, ఎల్లో రైస్ వచ్చిందా అని రేణుని అడిగేవాడు. ఆయన భార్య అవతల పదమూడో నంబరులో కూర్చుని ఊలు అల్లుకుంటూ నవ్వేది, ఆట జరుగుతున్నంతసేపూ అల్లుతూనే ఉండేది, స్కోరు మాత్రం అందరికన్నా ఆవిడకే బాగా తెలిసేది. ఇరవై ఏళ్ళ పైన ఇట్లా గడిచిందా? ఇంటిపేర్లు తెలియవు, ఫోన్ నంబర్లు లేవు, జగన్మోహన్ అనడం ఆయన నోటికి తిరగక మొదటిరోజే జే అయిపోయాడు. ఏడాదికి ఏడు శనివారాలు. మిగతా రోజుల్లో డేల్ ఎక్కడుంటాడో జగన్మోహన్ ఎప్పుడూ ఆలోచించలేదు.

టీవీలో ఎవరో ఇల్లు బాగు చేయించుకుంటున్నారు, ధ్వని లేదు, గోడలు పగులుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. నాలుగూ పదిహేడు. లోపల రేణు కంటి మీద దీపం వేసి ఉంటారు. నొప్పుండదన్నారు. ఆమె భయపడేది నొప్పికి కాదు, కన్ను తెరిచి ఉంచాల్సి రావడానికి. దీపావళి మతాబు వెలిగించినా చూడకుండా కళ్ళు గట్టిగా మూసుకునే మనిషి. ఆ సెప్టెంబరులో కూడా, విమానాలు గుద్ది టవర్లు కూలిన రెండు వారాలకి, స్టేడియంకి వద్దు, మన మొహాలు చూస్తే వాళ్ళకి ఏమనిపిస్తుందో అని కళ్ళు మూసుకునే అంది. జగన్మోహన్ ఒక్కడే వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో ఇప్పటికీ తెలియదు, పంతం కాదు, భయపడి ఇంట్లో కూర్చుంటే ఆ భయం ఇంట్లోనే కాపురం పెడుతుందనిపించింది. వెనక వరసలోంచి ఓ మాట వచ్చింది, పెద్దగా కాదు, తనకి వినిపించేంత. తను తల తిప్పలేదు. మైదానం మీద పచ్చగడ్డి వైపే చూస్తూ, లేచి వెళ్ళిపోతే ఎన్ని మెట్లో లెక్కపెడుతున్నాడు. అప్పుడు డేల్ లేచాడు. తొందరేమీ లేకుండా, నడుం పట్టేసినవాడిలా లేచి, వెనక్కి తిరిగి, "దిస్ హియర్స్ జే. హీ సిట్స్ బై మీ" అన్నాడు. ఇతను నా పక్కన కూర్చుంటాడు. ఇంకేం అనలేదు, మళ్ళీ కూర్చుని, పల్లీల పొట్లం ఇటు జరిపాడు. గ్రీన్‌కార్డు దానికి తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చింది, పౌరసత్వం ఇంకా తర్వాత, ఆ రోజు జడ్జిగారు అందరి చేతా చెయ్యెత్తించి ప్రమాణం చేయిస్తుంటే జగన్మోహన్‌కి గుర్తొచ్చింది ఆ పల్లీల పొట్లమే. ఈ దేశంలో తన కోసం నోరు విప్పి మాట్లాడిన మొదటి మనిషి ఆయన.

మరి అలాంటి మనిషికి తను చేసిందేమిటి? మూడేళ్ళ కిందట ఆ సీజన్ మొదటి ఆటకి పదమూడో నంబరు ఖాళీగా ఉంది. డేల్ మైదానం వైపు చూస్తూనే చెప్పాడు, జూన్‌లో పోయింది అని. సారీ అన్నాడు జగన్మోహన్. ఆ ఒక్క ముక్కే అన్నాడు. మన దగ్గరైతే చావు కబురు విన్నవాడికి పిలుపక్కర్లేదు, చెప్పులేసుకుని బయల్దేరడమే, వెళ్ళి ఆ ఇంట్లో ఓ గంట ఊరికే కూర్చుంటే చాలు, మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఆ ఇల్లెక్కడో తెలియదు, అడగొచ్చు, అడగలేదు. నవంబరులో ఆఖరి ఆట. రేణు ఆ వారం ఆర్యన్ దగ్గర అరోరాలో ఉంది. మూడో క్వార్టరులో, స్కోరు బోర్డు మీద ఏదో ప్రకటన ఆడుతుండగా, డేల్ గొంతు సవరించుకుని, ఓ ఆదివారం మీరిద్దరూ మా ఇంటికి భోజనానికి రండి అన్నాడు. బీన్స్, కార్న్‌బ్రెడ్ చేయిస్తాను, మీరు బీఫ్ తినరని తెలుసు, బీన్స్‌లో మాంసం వేయొద్దని అమ్మాయికి చెప్తాను అన్నాడు. అంటే ముందే ఆలోచించుకుని వచ్చాడు. ఏం వండించాలో, ఏం వేయించకూడదో, ఇంట్లో కూతురితో మాట్లాడుకుని, ఎప్పుడు అడగాలా అని రెండు క్వార్టర్లు కూర్చుని మరీ అడిగాడు. దానికి జగన్మోహన్ చేతులు రెండూ ఊపి, నవ్వుతూ, "నో నో డేల్, వద్దు వద్దు, మీకెందుకు శ్రమ" అన్నాడు. ఆల్రైట్ అన్నాడు డేల్. బంతి మళ్ళీ ఆటలోకి వచ్చింది.

అందులో తప్పేముంది? భోజనానికి పిలిస్తే మొదటిసారి వద్దనాలి, అమ్మ నేర్పింది అదే, రెండోసారి అడిగితే ఎందుకండీ అనాలి, మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే అప్పుడు లేచి వెళ్ళాలి. ఒక్కసారి పిలవగానే తగుదునమ్మా అని వెళ్ళేవాణ్ణి ఏమంటారు? ఆ రోజు ఆట అయ్యేదాకా జగన్మోహన్ రెండో పిలుపు కోసం చూశాడు. నాలుగో క్వార్టరంతా చూశాడు. మెట్లు దిగుతూ కూడా చూశాడు, గేటు దగ్గర విడిపోయేప్పుడు డేల్ చెయ్యి కలిపి, వచ్చే ఏడాది కలుద్దాం అన్నాడు, ఇంటికి అనలేదు. కారెక్కాక మనసులో చిన్న నొప్పి కూడా వేసింది, నిజంగా రమ్మనే ఉద్దేశం ఉంటే ఇంకోసారి అడిగేవాడుగా, ఈ దేశంలో అన్నీ పైపై మాటలే అనుకున్నాడు. ఎంత సిగ్గులేని ఆలోచన! పాతికేళ్ళు ఈ దేశంలో ఉండి, ఆఫీసులో ఎస్ అంటే ఎస్, నో అంటే నో అని కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి పాఠాలు చెప్పినవాడు, తన నో సంగతి మర్చిపోయాడు. రేణుకి చెప్పలేదు. రెండోసారి పిలిచాక చెబుదామనుకున్నాడు.

ఆ మరుసటి ఏడాది డేల్ కర్ర పట్టుకుని వచ్చాడు, ఎల్లో రైస్ అడిగాడు, భోజనం మాట ఎత్తలేదు. ఆ పైయేడు రెండే ఆటలు. పోయిన సీజన్ ఒక్కదానికీ రాలేదు. పన్నెండో నంబరులో ఆటకో కొత్త మొహం, ఒకసారి ఫోనులోంచి తలెత్తని కుర్రాడు, ఒకసారి అవతలి టీమ్ చొక్కా వేసుకున్న పెద్దమనిషి, ఒకసారి జగన్మోహన్‌ని లేపి తనకీ తన స్నేహితురాలికీ ఫోటో తీయమన్న అమ్మాయి. ఆఖరి ఆటనాడు రేణు పులిహోర పొట్లం విప్పి, మూడో కాగితం ప్లేటు కూడా తీసి, కాసేపు పట్టుకుని మళ్ళీ సంచీలో పెట్టేసింది. అసలు ఇన్నాళ్ళూ తను చూసింది ఆటనా? రెన్యూ చేస్తే దేనికి చేసినట్టు, ఆ మెట్లెక్కి, ఆ పక్కసీటు వంక చూసుకుంటూ, ఎప్పటికీ రాని రెండో పిలుపు కోసం కూర్చోడానికా? చేయకపోతే? ఆయన బతికుండి, సెప్టెంబరులో కర్ర పట్టుకుని అంత పైకీ ఎక్కి వస్తే, పదకొండో నంబరులో ఎవడో ఫోనులోంచి తలెత్తని కుర్రాడు ఉంటాడు. బతికి లేకపోతే? ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఈమెయిలు మూసేస్తున్నాడు. తెలుసుకునే దారి ఆ సీటొక్కటే. ఆ దారి ఇంకో అరగంటలో మూసుకుపోతుంది.

నాలుగూ ముప్ఫై. ఈమెయిలు అడుగున నంబరుంటే నొక్కాడు.

"టికెట్ ఆఫీస్, దిస్ ఈజ్ దేదీప్య." సన్నటి గొంతు. పేరు, అకౌంటు చెప్పాడు. అటువైపు కీబోర్డు చప్పుడు ఆగింది. "అంకుల్, మీరు తెలుగా? నాది కరీంనగర్ అంకుల్, మాస్టర్స్ చేస్తున్న, ఇది క్యాంపస్ జాబ్. రెన్యూవల్ కోసమేనా? ఇంకా అర్ధగంటనే ఉంది."

"దానికి కాదమ్మా. నా పక్కసీటు, పన్నెండు. అందులో కూర్చునే ఆయన..." ఆయన ఎవరు? స్నేహితుడు అనడానికి ఒక్కనాడూ ఇంటికి వెళ్ళినవాడు కాదు. "డేల్ అని. పాతికేళ్ళ నుంచీ పక్కనే. పోయిన ఏడాది రాలేదు. ఉన్నాడో లేడో తెలుసుకుందామని."

"పేరు, నంబర్ మేము చెప్పొద్దు అంకుల్, రూల్." కీబోర్డు మళ్ళీ చప్పుడు చేసింది. "కానీ నేను ఆ అకౌంట్‌కి కాల్ చేసి మీ గురించి చెప్పొచ్చు. చెప్పాల్నా?"

"చెప్పమ్మా. జే అని చెప్పు. జగన్మోహన్ అంటే తెలియదు."

ఫోను పెట్టేశాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రేణు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఒకవైపు అద్దం మందం, రేపట్నుంచీ ఆ వైపు దీంతో పనిలేదు. ఎవరూ ఎత్తకపోతే? ఎత్తి, ఆయన పోయారు అంటే ఆ పిల్ల అది ఎలా చెబుతుంది, ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఎవరో ముక్కూమొహం తెలియని అంకుల్‌కి చావు కబురు చెప్పాల్సిన పని ఆ పిల్ల నెత్తిన ఎందుకు పెట్టాడు? బీన్స్. ఆ బీన్స్ సంగతి మూడేళ్ళుగా ఒక్కరోజైనా వదల్లేదు. పెద్దాయన వంటింట్లో నిలబడి, మాంసం వేయొద్దు, వాళ్ళు తినరు అని కూతురికి చెప్పడం. నాలుగూ నలభై. టీవీలో ఇల్లు పూర్తయింది, భార్యాభర్తలు లోపలికొచ్చి ఏడుస్తున్నారు. నాలుగూ నలభై ఏడు. ఫోను మోగింది.

"అంకుల్, కాల్ చేసిన. వాళ్ళ బిడ్డ ఎత్తింది. ఆయన ఉన్నడు అంకుల్."

జగన్మోహన్ కళ్ళు మూసుకున్నాడు.

"వీల్‌చైర్‌లో ఉన్నడంట, మెట్లెక్కలేడు. కానీ సీటు ఇడిచిపెట్టనిస్తలేడంట. పోయినేడు రెన్యూ చేయించిండు, ఈసారి కూడా చేయించిండు. ఆమెనే ఆటాటకీ ఎవరికో అమ్ముతదంట. పోనప్పుడు ఎందుకు డాడీ అంటే, పక్కన జే ఉంటడు, సీటు వేరేటోళ్ళ పేరు మీదికి పోయిందని తెలిస్తే నేను సచ్చిపోయిన అనుకుంటడు అన్నడంట." ఆ పిల్ల ఊపిరి తీసుకుంది. "నంబర్ మీకియ్యమన్నరు, రాసుకోండ్రి. ఇంకోటి అంకుల్. జే అంకుల్ మీ డాడీని చూద్దామనుకుంటున్నరు అని ఆమెతో నేనే అన్న. వెనకాల నుంచి ఆయన అనుడు నాకు ఇనబడ్డది. 'ఐ ఆస్క్డ్ హిమ్ వన్స్. హీ సెడ్ నో' అని."

కోపంగా అన్నాడా అని అడగబోయి ఆగాడు. డేల్ కోపంగా అనడు. స్కోరు చెప్పినట్టు చెప్పి ఉంటాడు. ఒకసారి అడిగాను, వద్దన్నాడు. మూడేళ్ళు ఆ వద్దుని అలాగే ఉంచుకుని, ఆ సీటుని కూడా అలాగే ఉంచుకున్నాడు.

"అంకుల్?" దేదీప్య గొంతు తగ్గించింది. "మొహమాటానికి వద్దన్నరా?"

"అవునమ్మా."

"నేను కూడా గంతే అంకుల్. వచ్చిన వారంలో రూమ్మేట్ పిజ్జా తింటవా అంటే వద్దన్న, మళ్ళ అడుగుతదని కూసున్న. మొత్తం తినేసి డబ్బా పడేసింది. ఆ రాత్రంతా ఆకలే."

నవ్వొచ్చింది, పైకే నవ్వేశాడు. హాల్లో ఎదురుగా కూర్చున్న ఆవిడ తలెత్తి చూసి, మర్యాదగా చూపు పక్కకి తిప్పుకుంది. కంటి చుక్కలు ఎప్పుడెప్పుడు వేయాలో రాసిచ్చిన కాగితం వెనక నంబరు రాసుకున్నాడు, పది అంకెలు, ఒకటికి రెండుసార్లు చదివి వినిపించాడు.

"అంకుల్, ఇంకా ఆరు నిమిషాలు. మీ సీట్లు చెయ్యాల్నా?"

ముప్ఫై నాలుగో వరస కళ్ళముందు కదిలింది, ఎండకి కాలే అల్యూమినియం బెంచీ, చొక్కాలన్నీ ఎర్రగా, పైకెత్తిన చేతులు. ఇరవై ఐదు శరత్తులు. బాధ లేదని తనకి తాను చెప్పుకోలేదు. కానీ ఆ సీట్లో కూర్చుని కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి అక్కడికి రాడు. తను అక్కడున్నంతకాలం ఆయన ఆ పక్కసీటు వదలడు, ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఖాళీ సీట్లు కాపలా కాస్తారు.

"వదిలెయ్యమ్మా."

"రెండూనా?"

"రెండూ. నీ మేలు మర్చిపోను. ఓసారి ఇంటికి భోజనానికి రా తల్లీ. వద్దన్నా మళ్ళీ అడుగుతాను."

రేణుని నర్సు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసరికి ఐదు దాటి మూడు నిమిషాలు. కంటి మీద చిల్లుల ప్లాస్టిక్ మూత, చుట్టూ టేపు, మొహం నిద్రలేచిన పిల్ల మొహంలా ఉంది. హ్యాండ్‌బ్యాగు అందుకుని, రెండో కంటితో అతని మొహంలోకి చూసింది.

"రెన్యూ చేశారా?"

"లేదు."

రేణు పార్కింగ్ లాట్‌లో చెట్ల వాసనకి ముక్కు మూసుకుంది. కారు తలుపు తీసి, కూర్చోబెట్టి, బెల్టు తనే పెట్టాడు.

"నీ కన్ను సర్దుకోగానే ఓ ఆదివారం డేల్ వాళ్ళింటికి వెళ్దాం. భోజనానికి."

"ఉన్నాడా!" అంది రేణు, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని. కాసేపటికి అడిగింది, "పిలిచాడా?"

"పిలిచాడు. మనమే ఇంకా వెళ్ళలేదు."